సెంచూరియన్‌ను కాపాడిన ఒడ్డు

హైదరాబాద్ యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కి సికింద్రాబాద్‌లో దిగి, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో తెల్లారేసరికి విశాఖ చేరాను. నేను చూడాలనుకున్నది 1804 సెప్టెంబర్ 15న ఒక తెరచాప యుద్ధనౌక ప్రాణం దక్కించుకున్న చోటు. ఆ రోజు ఇక్కడ లంగరేసి ఉన్న బ్రిటిష్ నౌక సెంచూరియన్ మీదికి ఫ్రెంచి అడ్మిరల్ లిన్వా మూడు ఓడలతో వచ్చిపడ్డాడు. సెంచూరియన్‌వి 50 ఫిరంగులు. లిన్వా ఎక్కిన మారెంగో ఒక్కదానికే 74. పైగా సెంచూరియన్ కెప్టెన్ లిండ్ ఆ వేళకు ఒడ్డున ఉన్నాడు, పోరు మొదలెట్టింది లెఫ్టినెంట్ ఫిలిప్స్. మా కృష్ణానగర్‌లో సినిమా స్క్రిప్టు రాసేవాళ్లయితే ఘనతంతా ఫిలిప్స్‌కే కట్టబెడతారు. నన్నడిగితే అందులో సగం విశాఖ ఒడ్డుది.

1933లో హార్బరు తెరిచేదాకా పెద్ద ఓడలు ఇక్కడ బయటి సముద్రంలోనే ఆగేవి. సరుకంతా పడవల మీదే ఒడ్డుకు చేరేది. రేవుగా అది లోపమే. కానీ ఆ రోజు ఆ లోపమే కలిసొచ్చింది. పోరు మధ్యలో సెంచూరియన్ అలలు విరిగే చోటికి కాస్త వెనకే మళ్లీ లంగరు వేయగలిగింది. డాల్ఫిన్స్ నోస్ కొండ పైనుంచి చూస్తే ఆ చోటు ఒడ్డుకెంత దగ్గరో తెలుస్తుంది. అంత లోతు తక్కువ నీళ్లలోకి మారెంగోను తేవడానికి లిన్వా జంకాడు.

లిన్వా పిరికివాడు, అంతే అనేవాళ్లున్నారు. అదే ఏడాది ఫిబ్రవరిలో పులో ఆర దీవి దగ్గర బ్రిటిష్ వర్తకుల ఓడల ముందు వెనక్కి తగ్గిన మాట నిజం. కానీ ఆ జంకుకు కారణముంది. మారెంగో దెబ్బతింటే బాగుచేసుకునే స్థావరం ఎక్కడో మారిషస్‌లో ఉంది. ఒడ్డు అంత మేలు చేస్తే సెంచూరియన్ వెంట ఉన్న వర్తక నౌక బార్నబీ ఎందుకు పోయింది అని అడగొచ్చు. అది ఈ ఒడ్డునే పగిలింది, ఇంకో వర్తక నౌక ప్రిన్సెస్ షార్లెట్ ఫ్రెంచివాళ్లకు చిక్కింది. అందుకే దీన్ని బ్రిటిష్ విజయమని ఒప్పుకోలేను. ఒడ్డు కాచింది యుద్ధనౌకను మాత్రమే. ఆ యుద్ధనౌక వచ్చిందే ఈ రెండింటికీ కాపలాగా! అయినా లిండ్‌కు సర్ బిరుదు దక్కింది.

1774లో హార్విచ్‌లో నీటికి దిగిన సెంచూరియన్ చివరి ఏళ్లు కెనడాలోని హాలిఫాక్స్‌లో గడిచాయి. అక్కడ కొంతకాలం ఆసుపత్రి ఓడగా పనిచేసి, 1824లో కట్టేసిన చోటే మునిగింది.