టోపీ దించే రోజు

2024 నవంబర్ నెల. బహదూర్‌పురాలో నేను పనిచేసే ప్రాథమిక పాఠశాలలో ప్రార్థన అయిపోయింది. మూడో తరగతి పాప ఒకతి నా కుర్చీ పక్కన వచ్చి నిలబడి, "సార్, అబ్బా గిర్ గయే" అన్నది. వాళ్ల నాన్న పడిపోయాడట. నేను ఫోన్‌లో హాజరు ఎక్కిస్తున్నాను. నెట్ అందక తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉంది. "అచ్ఛా, బైఠో" అన్నాను. తల మాత్రం ఎత్తలేదు.

మర్నాడు ఆ పాప రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పదిహేడు రోజుల తర్వాత నెలాఖరు లెక్క కోసం రిజిస్టర్ తిరగేస్తుంటే ఆమె పేరు ఎదురుగా వరుసగా గైర్హాజరు గుర్తులు కనిపించాయి. అన్నీ నా చేతిరాతే. రోజూ నేనే వేశాను, ఒక్కరోజూ ఆ పాపను తలచుకోలేదు.

సాయంత్రం అడ్రసు పట్టుకుని పోయాను. సందులో సందు, చివరన ఒకే గది. వాళ్ల నాన్న సెంట్రింగ్ పనిలో పైనుంచి పడి, కాలికి కట్టుతో మంచం మీదున్నాడు. తల్లి, పాప కింద కూర్చుని లక్క గాజులకు రాళ్లు అతికిస్తున్నారు. నన్ను చూసి పాప జిగురంటిన చేతులు వెనక్కి దాచుకుంది. తల్లి కోపంగా ఏమీ అనలేదు. "సార్‌కు చెప్పిన అన్నది సార్, మీకు తెలుసు అనుకున్నం" అంది, అంతే.

ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే నేను ఆ పాపలాంటి పిల్లవాణ్నే. మాది ఉట్నూరు వైపు గోండుగూడెం. ఒకటో తరగతిలో చేరేనాటికి నాకు తెలుగు రాదు. కడుపునొప్పి అని గోండిలో చెబితే సార్‌కు అర్థం కాలేదు, కూర్చోమన్నాడు. ఏడుస్తూ కూర్చున్నాను. టీచర్ ట్రైనింగ్‌లో చేరినప్పుడు ఆ సార్‌లా మాత్రం కావద్దని ఒట్టు పెట్టుకున్నాను. ఆయనకు నా భాష రాదు. నాకు మాత్రం ఆ పాప మాట పూర్తిగా అర్థమైంది. అయినా కూర్చోమన్నాను.

నేను చెడ్డవాణ్ని అయ్యానా? చాలా రోజులు అదే అనుకున్నాను. తర్వాత ఈ విషయం గురించి చదివాను. 1974లో న్యూయార్క్‌లో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త, పేదల కోసం నడిపే ఉచిత క్లినిక్‌లో పనిచేసేవాళ్లను చూసి ఈ స్థితి గురించి రాశాడు. అందరికంటే ఎక్కువ మనసు పెట్టి పనిచేసినవాళ్లే ముందు ఖాళీ అయిపోతున్నారని ఆయన గమనించాడు. ఆ తర్వాత క్రిస్టీనా మాస్లాక్ అనే పరిశోధకురాలు దీనికి మూడు గుర్తులు చెప్పింది. ఒకటి, ఎంత పడుకున్నా తీరని అలసట. రెండు, మనుషులు మనుషుల్లా కాకుండా పనిలా, అంకెల్లా కనిపించడం. మూడు, నేను ఏం చేసినా లాభం లేదనే భావన. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని గుర్తించింది. అది రోగం కాదు, పనిచేసే చోట దీర్ఘకాలంగా సర్దుకోని ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అన్నది.

ఇంగ్లీషులో బర్నవుట్ అంటారు. మన తెలుగులో ఒక మంచి మాట ఉంది, అడుగంటడం. ఎండాకాలం బావిలో నీళ్లు అడుగంటుతాయి. నీళ్లు చాలక పొయ్యి మీది కుండలో అన్నం కూడా అడుగంటుతుంది. పైన చూస్తే అన్నం తెల్లగానే ఉంటుంది, మాడింది కింద. నేను రోజూ టైముకు బడికి పోయాను, పాఠం చెప్పాను, రిజిస్టర్ రాశాను. పైకి అంతా బాగానే ఉంది.

మంట ఎక్కడిదో కూడా చెప్పాలి. ఆ నవంబర్ 6న రాష్ట్రంలో ఇంటింటి కుటుంబ సర్వే మొదలైంది. ఎస్‌జీటీలను ఎన్యూమరేటర్లుగా వేశారు. ప్రాథమిక పాఠశాలలు మధ్యాహ్నం దాకానే నడిచాయి. పొద్దున పాఠాలు, ఆ తర్వాత గడపగడపకూ ఫారాలు. ఆ సర్వే వద్దనడం లేదు, మన ఆదివాసుల లెక్క తేలడం మనకూ అవసరమే. అయితే 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ఏమంటుంది? పదేళ్లకోసారి జరిగే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు, ఇవి తప్ప టీచర్లను చదువు కాని పనులకు పెట్టొద్దంటుంది. ఓటరు జాబితా, మధ్యాహ్న భోజనం లెక్క, యాప్‌లు, ఫోటోలు, ఇవన్నీ చూసుకుని మిగిలిన టైములో మేము పాఠం చెప్తాం.

మన ఆదివాసీ ఉద్యోగులకు ఇంకో బరువు ఉంది. దాని గురించి ఎక్కడా రాయరు. పట్నంలో ఉన్న ఒక్క మనిషే గూడెం మొత్తానికి దిక్కు. ఉస్మానియా ఆసుపత్రి మా బడికి దగ్గర. అందుకని మా వైపు నుంచి రోగం వచ్చిన ప్రతివాళ్లూ ముందు నాకే ఫోన్ చేస్తారు. చీటీ రాయించాలి, రక్తం దొరికించాలి, డాక్టర్ చెప్పింది గోండిలో వివరించాలి, రాత్రి పడుకోను చోటు చూపాలి. కాదనలేను. నేను చదువుకునేటప్పుడు నాకు జొన్నలు పంపింది వాళ్లే. ఆ పాప నాతో మాట్లాడిన ముందు రోజు రాత్రి రెండింటి దాకా వార్డు బయట వరండాలోనే ఉన్నాను.

ఇదంతా మా చెల్లెకు ఫోన్‌లో చెప్పాను. తను ఊళ్లో ఆశా కార్యకర్త. వాగు పొంగినా, అర్ధరాత్రయినా, కాన్పు నొప్పులంటే కదలాల్సిందే. అంతా విని గోండిలో అన్నది: "దాదా, ఈసారి దండారికి రాలేదు కదా నువ్వు. గుస్సాడి కూడా టోపీ దించుతాడు. నువ్వు ఎప్పుడు దించినవ్?"

మన యువతలో పట్నంలో పుట్టినవాళ్లకు ఇది తెలియకపోవచ్చు. దీపావళి నాళ్లలో గుస్సాడి వేషం కట్టినవాడు నెమలీకల టోపీ పెట్టుకుంటాడు. దీక్షలో ఉన్నన్నాళ్లూ స్నానం చేయడు. ఆ రోజుల్లో అతను మామూలు మనిషి కాదు, అతనిలో దేవుడున్నాడని మొక్కుతారు. కానీ కోలబోడి నాడు దీక్ష విరమించి టోపీ దించుతారు. గుస్సాడి మళ్లీ ఇంటికి పోయి పత్తి ఏరే మనిషి అవుతాడు. ఇంకొక సంగతి: ఒక ఊరి దండారి ఇంకో ఊరికి చుట్టంగా పోతే ఆ ఊరు అన్నం పెట్టి గౌరవిస్తుంది. తర్వాత ఆ ఊరివాళ్లు ఈ ఊరికి చుట్టాలుగా వస్తారు. పెట్టేదీ వంతే, తినేదీ వంతే. మర్లవాయి గుస్సాడి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వస్తే దేశమంతా ఆ నాట్యాన్ని మెచ్చుకుంది. ఆయన 2024 అక్టోబర్‌లో కన్నుమూశారు. నేను చివరి చూపుకు కూడా పోలేదు.

టీచర్‌నూ, నర్సునూ, ఆశానూ, అంగన్‌వాడీ అమ్మనూ సమాజం దేవుడంటుంది. టోపీ పెడుతుంది, దించే రోజు మాత్రం ఇవ్వదు. ఎప్పుడూ పెట్టే వంతే, తినే వంతు రాదు. అడుగంటేది అందుకే. ఇది ఒక్కడి బలహీనత కాదు కాబట్టి, ఒక్కడు ధైర్యం తెచ్చుకుంటే పోయేదీ కాదు. యోగా చేయండి అని చెప్పి ఇంకో యాప్ చేతిలో పెడితే అసలే పోదు.

మేము చేసుకున్న చిన్న ఏర్పాట్లు చెప్తాను. హైదరాబాద్‌లో డిగ్రీ, నర్సింగ్ చదివే మా వైపు పిల్లలు నలుగురు ముందుకొచ్చారు. ఆసుపత్రి పని ఇప్పుడు మా ఐదుగురికీ వంతులు. వారానికొకరు. నా వంతు కాని వారం ఫోన్ వస్తే, వంతున్నవాళ్ల నంబరు ఇస్తాను. మొదట్లో సిగ్గనిపించింది, రోగికి మాత్రం మేలే జరిగింది. బడిలో శనివారం చివరి అరగంట టీచర్లం కలిసి కూర్చుంటాం. ఫారాల మాట ఎత్తం. ఎవరి తరగతిలో ఏ పిల్ల నవ్వడం లేదు, ఎవరు రావడం లేదు, మనలో ఎవరికి బాగాలేదు, ఇవే మాటలు. మూడు రోజులు రాని పిల్ల ఇంటికి ఎవరో ఒకరం పోతాం. సంఘం మీటింగుల్లో జీతం, బదిలీలతో పాటు ఈ పని భారం మాటా ఎత్తుతున్నాం. మరీ చీకటిగా అనిపించినవాళ్లు 14416కు ఫోన్ చేయొచ్చు. అది టెలీ మానస్, ప్రభుత్వానిదే, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మా బడిలో ఒకరు చేశారు, ఎవరమూ ఎగతాళి చేయలేదు.

టీచర్ కాబోతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. ఈ పని మంచిది, రండి. కానీ ఒంటరిగా మోయొద్దు. పిల్లలు అంకెల్లా కనిపించడం మొదలైన రోజునే పక్కవాళ్లకు చెప్పండి. నాకు అది తెలియడానికి పదిహేడు రోజులు పట్టింది. ఆ మూల్యం నేను కట్టలేదు, ఎనిమిదేళ్ల పిల్ల కట్టింది.

ఆ పాప డిసెంబర్‌లో తిరిగి బడికొచ్చింది. మొదటి వారం నా దగ్గరికి రాలేదు, ఏదున్నా పక్క తరగతి మేడమ్‌కే చెప్పేది. నేను తొందరపెట్టలేదు. సంక్రాంతి సెలవుల ముందు ఒకరోజు వచ్చి, "సార్, అబ్బా చల్‌రై" అన్నది. నాన్న నడుస్తున్నాడట. నేను ఫోన్ బోర్లించి పక్కన పెట్టి, "కైసే చల్‌రై, చూపించు" అన్నాను. కాలు కుంటుతూ తరగతి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచి చూపించింది. పిల్లలంతా నవ్వారు, తనూ నవ్వింది. ఆ రోజు హాజరు ఆలస్యంగా ఎక్కించాను.