నాత్ వినిపించాలి, నజరానా కాదు

రబీవుల్ అవ్వల్ నెల వచ్చిందంటే మా దాచేపల్లి మసీదు సందులో మైకు కడతారు. నాత్ పాడే కుర్రాళ్ల గొంతు నడికుడి రోడ్డు దాకా వినిపిస్తుంది. పాట మనసుకు తాకితే పెద్దవాళ్లు లేచి వెళ్లి పాడేవాళ్ల చేతిలో యాభయ్యో వందో పెడతారు. అదే నజరానా. ఈసారి ఆ డబ్బు బస్తీ పిల్లల ఫీజులకు వాడదామన్న మాట లేవగానే రెండు పక్షాలయ్యాయి.

"హుజూర్ పేరు పాడి చందా అడగడమేంటి భాయ్?" అన్నారు కొందరు.

"మిరపకోతలకి తల్లులు ఆడపిల్లల్ని బడి మానిపించి తీసుకుపోతుంటే మీకు అడగడానికి షరమ్ అడ్డొచ్చిందా?" అంది ఓ ఖాలా.

నేను ఖాలా పక్షం. తాలీమ్ కోసం జనం ముందు నిలబడటం మన బుజుర్గులు చేసిన పనే. 1875లో అలీగఢ్‌లో మదర్సా మొదలుపెట్టిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్, 1889లో, డెబ్బై దాటిన వయసులో, పేద విద్యార్థుల వజీఫాల కోసం స్టేజి ఎక్కారు. ఖాందానీ మనిషికి అదేం పని అనుకునే రోజులవి. ఆ మదర్సాయే 1877లో కాలేజీ, 1920లో యూనివర్సిటీ అయింది.

పొద్దున్నే మన టీ హోటళ్లలో మోగే సుప్రభాతం ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారిది. భజనలు, కీర్తనలు పాడి, కచేరీల మీద వచ్చిన డబ్బు ఎన్నో మంచి పనులకు ఇచ్చేశారామె. 1974లో ఆమెకు రామన్ మెగసెసె అవార్డు వచ్చింది ప్రజాసేవ విభాగంలో. భక్తితో పాడిన పాట ఇంకొకరి ఇంట్లో దీపం పెడితే భక్తికి వచ్చిన లోటేమీ లేదు.

నా భయం వేరే. విలేకరిగా ఇలాంటి జల్సాలు చాలా చూశాను. ఒక చోట పాటలయ్యాక ఓ పదో తరగతి పిల్లను స్టేజి మీదకి పిలిచారు. పేరు చెప్పారు, అబ్బా పోయిన సంగతి మైకులో చెప్పారు, చెక్కు పట్టించి ఫోటో తీశారు. ఆ పిల్ల దుపట్టా కొంగు వేళ్లకు చుట్టుకుంటూ నేల చూస్తూ నిలబడింది. మర్నాడు ఫోటో ఫోన్లన్నీ తిరిగింది. "ఆ డబ్బు వాపస్ ఇచ్చెయ్ అమ్మీ, నేను బడికి పోను" అందట. ఫీజు కట్టారు సరే, పిల్ల ఇజ్జత్ ఎవరు కడతారు?

సూరె బఖరా 271వ ఆయత్ సంగతి మనకు తెలిసిందే. సదఖా బాహాటంగా ఇచ్చినా మంచిదే, గుట్టుగా పేదలకు చేరిస్తే ఇంకా మంచిది. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్న హదీసూ ఉంది. అంటే మైకు పాటకే గానీ పేదరికానికి కాదు.

అందుకే మా వాళ్లతో నాలుగు మాటలు చెప్పాను. నోట్లు పాడేవాళ్ల చేతిలో కాకుండా గుమ్మం దగ్గర డబ్బాలో వేయాలి. ఎవరెంత వేశారో చదవకూడదు. పిల్లల జాబితా ఇద్దరి దగ్గరే ఉండాలి. ఫీజు నేరుగా బడిలో కట్టి రసీదు తల్లి చేతికివ్వాలి. జుమా తర్వాత ఎంత వచ్చింది, ఎంతమందికి చేరింది, ఈ రెండు లెక్కలే చెప్పాలి. జకాత్ డబ్బును దీంట్లో కలపకూడదు, దాని హక్కుదారులు వేరు, దాని లెక్క వేరు.

"ఫోటో లేకపోతే వచ్చే ఏడు ఎవరిస్తారు?" అని ఓ చాచా అడిగారు. ఆయన నీయత్‌లో ఖోట్ లేదు, కొన్నేళ్లుగా మెహఫిల్ ఖర్చులు మోస్తున్న మనిషి. రసీదుల లెక్క సరిగ్గా ఉంటే ఇస్తారు చాచా అన్నాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. ఈ జుమాకి మళ్లీ కూర్చుంటున్నాం.

నేను కోరేది ఒక్కటే. మెహఫిల్ రాత్రి ఆ పిల్లలూ వచ్చి ముందు వరసలో కూర్చోవాలి, గొంతు బాగున్నవాళ్లు పాడాలి. వాళ్లలో ఎవరి ఫీజు ఎవరు కట్టారో పక్కన కూర్చున్న మనిషికి కూడా తెలియకూడదు.