నేల ఉబ్బితే ఎవరి పని?

మా జిల్లాలో అగ్నిపర్వతం లేదు. ఈ మాట ముందే చెప్పెయ్యడం మంచిది. లేకపోతే అనంతగిరి గుట్టలెక్కి పొగ కోసం వెతికే మిత్రులు మా హాస్టల్లో ఉన్నారు! అయినా అగ్నిపర్వతాల గురించి మాట్లాడే హక్కు వికారాబాదు వాళ్లకు కాస్త ఉందనే నా నమ్మకం. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట పడమటి వైపు నేల చీలి పారిన లావా, పొరమీద పొరగా ఇక్కడిదాకా వచ్చి ఆగింది. మహాబలేశ్వరం దగ్గర ఆ పొరల మందం కిలోమీటరు పైమాటే. మాది అంచు కనుక పలచన. తాండూరు వైపు వెళ్తే అంతకంటె ఎంతో పాతదైన సున్నపురాయి కనిపిస్తుంది. మీ ఇళ్లలో పరిచిన తాండూరు బండ అదే. ఆ లావా రాయి చివికి చివికి నల్లరేగడి అయింది. దాంట్లోనే మా కంది పండుతుంది.

ఈ రేగడి ఊరికే ఉండే మట్టి కాదు. వాన పడితే ఉబ్బుతుంది, ఎండ ముదిరితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. ఆ మట్టిలోని బంకకణాలు రేకుల్లాంటివి. రేకుల సందుల్లోకి నీరు చేరి వాటిని ఎడంగా నెడుతుంది. చేను దున్నేవాడికి ఇది మేలే గాని ఇల్లు కట్టినవాడికి కాదు. మా ఇంటి పడమటి గోడ పగిలితే మేస్త్రి వచ్చి పగులుకు అడ్డంగా ఒక గాజుముక్కను సిమెంటుతో అతికించాడు. అది విరిగితే గోడ ఇంకా కదులుతున్నట్టు లెక్క. వేసవి దాటకముందే విరిగింది. మా నాయినమ్మ చూసి, “కదిలిందని గాజు చెప్పింది సరే, ఎందుకు కదిలిందో ఎవరు చెప్తరు బిడ్డా?” అన్నది.

అగ్నిపర్వతాలను కొలిచేవాళ్ల తలనొప్పి అంతా ఈ ప్రశ్నే.

భూమిలోపల కరిగిన రాయి, అంటే మాగ్మా, వచ్చి చేరితే పైనేల ఉబ్బుతుంది. బయటికి పోతే కుంగుతుంది. ఆ వాలును పట్టే టిల్ట్‌మీటర్ ఎంత సున్నితమంటే, కిలోమీటరు పొడుగు కడ్డీని ఒక కొసన 1 మిల్లీమీటరు ఎత్తినా కనిపెడుతుంది. ఇప్పుడు ఆకాశం నుంచి కూడా కొలుస్తున్నారు. 2025 జూలై 30న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ ఉపగ్రహం 12 రోజులకొకసారి అదే దారిన తిరిగొచ్చి, రాడార్‌తో నేలను చూసి, ముందటి చూపుతో పోల్చేందుకు చేసిందే.

ఉబ్బును బట్టి లోతు తెలుసుకునే ఉపాయం జపాను శాస్త్రజ్ఞుడు కియో మోగి 1958లో ప్రచురించాడు. సకురాజిమా పర్వతం 1914లో పేలాక చుట్టూ నేల కుంగిన లెక్కలు ఆయన ముందున్నాయి. లోపల చిన్న గుండ్రటి అర ఉందనుకుంటే చాలు. ఉబ్బు నడిమధ్య నుంచి ఎంత దూరం పోతే ఎత్తు సగమవుతుందో చూడాలి. ఆ దూరం 3 కిలోమీటర్లయితే అర లోతు దాదాపు 4 కిలోమీటర్లు. ఇంటర్ చదివినవాడు కూడా చేయగల లెక్క. నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. అయితే చిక్కొకటుంది. పెద్ద అరలో కొద్దిపాటి ఒత్తిడి పెరిగినా, చిన్న అరలో బాగా పెరిగినా పైన కనిపించే ఉబ్బు ఒకటే. ఉబ్బించింది మాగ్మానా, వేడెక్కిన నీరూ వాయువులా అన్నది కూడా ఆ ఉబ్బు చెప్పదు.

1980లో అమెరికాలో సెయింట్ హెలెన్స్ పర్వతం ఉత్తరపు పక్క రోజుకు మీటరున్నర చొప్పున వారాల తరబడి ముందుకు పొడుచుకొచ్చింది. లోపలికొచ్చింది మాగ్మాయే. మే 18న ఆ పక్క కూలి పర్వతం పేలింది. 57 మంది పోయారు. వారిలో ఆ కొలతల కాపలాలో ఉన్న డేవిడ్ జాన్‌స్టన్ ఒకడు, వయసు 30. ఆ ఉదయపు కొలతల్లో కొత్త హెచ్చరిక ఏదీ లేదు.

ఇటలీలో పొజ్జువోలి కథ వేరు. అక్కడి రోమన్ల నాటి సంత స్తంభాల మీద, మనిషి చేయి అందనంత ఎత్తున, సముద్రపు ఆల్చిప్పల జాతి జీవులు తొలిచిన రంధ్రాలున్నాయి. ఆ నేల ఒకప్పుడు అంతగా మునిగి మళ్లీ లేచిందన్నమాట. 1982, 84 మధ్య అది సుమారు 1.8 మీటర్లు లేచింది. భూకంపాలకు ఇళ్లు బీటలు వారాయి. సుమారు 40 వేల మందిని ఊరు దాటించారు. పేలుడు మాత్రం రాలేదు. నేల మెల్లగా దిగిపోయింది.

ఆ అధికారులు తొందరపడ్డారని కొందరంటారు. నేనలా అనను. బీటలు వారిన ఇంట్లో పిల్లల్ని పడుకోబెట్టుకొని ఆ రాత్రులు గడిపింది మనం కాదు. అట్లాగని ఇల్లు విడవడం చిన్న సంగతి అనేవాడు రైతు కడుపున పుట్టలేదని అనుకుంటాను. చాలామందికి మోంటెరుసెల్లో అని కొత్త ఊరే కట్టవలసి వచ్చింది; పాత వీధికి అందరూ తిరిగి రాలేదు.

నాయినమ్మ ప్రశ్నకు కొంత జవాబు దొరుకుతోంది. నేల లేచినచోట గురుత్వాకర్షణను కూడా పదేపదే కొలుస్తారు. మాగ్మా బరువైనది, నీరూ ఆవిరీ తేలిక. లోపల చేరిన బరువెంతో తెలిస్తే చేరిందెవరో ఊహించవచ్చు. పొజ్జువోలిలో ఈ వాదం ఇంకా తెగలేదు. 2005 నుంచి నేల మళ్లీ లేస్తూ మీటరు దాటింది. రేవులో నీళ్లు తగ్గి, చేపల పడవలు కొన్ని బురదలో కూర్చున్నాయి.