తితిక్ష కాదు, తిమ్మిరి

సాధన చతుష్టయంలోని శమాది షట్క సంపత్తిలో తితిక్ష ఒకటి. శీతోష్ణాది ద్వంద్వాలకు చలించని ఓర్పు అది. ఆ గుణం నాకు కొంత సిద్ధించినదని రెండు సంవత్సరాలు భ్రమపడ్డాను. ఆ భ్రమ ఎట్లా తొలగినదో పాఠక మహాశయులకు విన్నవించుకుంటున్నాను.

వైశాఖ మాసపు మధ్యాహ్నవేళ మా ఆలయ ప్రాకారంలోని రాతి పలకలు నిప్పుల వలె కాలుతాయి. ప్రదక్షిణకు వచ్చిన భక్తులు పరుగులు తీస్తుంటే నేను నింపాదిగా నడిచేవాణ్ణి. "అయ్యగారికి ఎండ సోకదు, అంతా స్వామి అనుగ్రహం" అని వారంటే లోలోపల పొంగిపోయేవాణ్ణి.

ఒకనాడు ఇల్లు చేరగానే నా సహధర్మచారిణి, "ఏమండీ, గడపలో ఆ రక్తపు అడుగులేమిటి?" అని కంగారుగా అడిగింది. చూసుకుంటే కుడి అరికాలిలో బొబ్బ చిట్లి పుండై ఉన్నది. నాకు లేశమైనా నొప్పి లేదు.

వైద్యురాలు సన్నని నైలాన్ పోగును నా అరికాలికి తాకిస్తూ, కళ్లు మూసుకొని చెప్పమన్నారు. చాలా చోట్ల ఆ స్పర్శే తెలియలేదు. పరగడుపున రక్తంలో చక్కెర 212, హెచ్‌బీఏ1సీ 9.8, రక్తపోటు 158/96, నడుము చుట్టుకొలత 104 సెంటీమీటర్లు. "స్వామీ, మీరు వేడిని ఓర్చుకోలేదు. మీ కాలు మీకు చెప్పడం మానేసింది" అన్నారామె. ఆ మాట నాకు ఉపదేశమైనది.

ఆ అంకెల అర్థాన్ని ఆమె ఓపికగా వివరించారు. పరగడుపు చక్కెర 100 లోపు ఉండాలి. 126, ఆపైన మధుమేహం. అది ఆ ఉదయపు స్థితి మాత్రమే. హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల సగటును చెబుతుంది. ఎర్ర రక్తకణం సుమారు 120 దినాలు జీవిస్తుంది గనుక, అంతకాలపు చక్కెర జాడ దానిపై నిలుస్తుంది. ముందునాటి ఉపవాసంతో దానిని మభ్యపెట్టలేము. 6.5 నుండి మధుమేహమే. రక్తపోటులో మొదటి అంకె గుండె సంకోచించినప్పటిది, రెండవది విశ్రమించినప్పటిది. కొలిచే ముందు అయిదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలపై మోపి, మౌనంగా కూర్చోవాలి. మన దేశపు పురుషులకు నడుము 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు.

తిథిని ఘడియ విఘడియలతో గణిస్తాను. శిష్యుడు ఒక్క స్వరం తప్పినా ఆపి సరిదిద్దుతాను. అటువంటి నేను ఈ దేహాన్ని ఒక్కసారైనా కొలిపించలేదు. ఎవరైనా అడిగితే "దేహం అనిత్యం కదా" అనేవాణ్ణి. అది వైరాగ్యం కాదు, భయం. దేహం దృశ్యమనీ, తాను ద్రష్టననీ నమ్మినవాడు దృశ్యాన్ని చూడటానికి ఎందుకు జంకాలి? దేహమే నేననుకున్నవాడే దాని లోపాన్ని వినలేడు.

ప్రమేహానికి కారణాలుగా ఆసన సుఖాన్నీ, నిద్రా సుఖాన్నీ, పెరుగునూ, బెల్లపు వంటకాలనూ చరక సంహిత పేర్కొన్నది. చదివిన నాడు అది పరుల గురించి అనుకున్నాను. నా దినచర్యలో దద్ధోజనం, చక్కెర పొంగలి, పులిహోర, నాలుగు కాఫీలు, మధ్యాహ్న నిద్ర!

స్వామి నైవేద్యంలో ఏమీ తగ్గించలేదు. నా వంతు మాత్రమే తగ్గించాను. ప్రసాదం ఉద్ధరిణెడు చాలు. కళ్లకద్దుకోవడానికి రాశి అక్కరలేదు. అన్నం సగమై, కూర, పప్పు పెరిగాయి. ఊరగాయ పండుగలకే. వేకువన నలభై నిమిషాల నడక, మాత్రలు నియమంగా. ఏకాదశి ఉపవాసానికి ముందు వైద్యురాలి అనుమతి తీసుకుంటున్నాను. మాత్ర వేసుకొని నిరాహారంగా ఉంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ 7.6కు, రక్తపోటు 134/84కు దిగాయి. పుండు మానింది. పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. పూర్తిగా రాకపోవచ్చునని ముందే చెప్పారు. రెండేళ్లు ముందుగా కొలిపించుకొని ఉంటే, అని అనిపించని రోజు లేదు.

ఇప్పుడు మధ్యాహ్నం ప్రాకారంలో నడవను. ఉదయం స్వామికి దర్పణ సేవ చేసే చేతితోనే, రాత్రి పడుకోబోయే ముందు చిన్న అద్దం పట్టి నా అరికాళ్లు చూసుకుంటాను. అవి చెప్పలేని మాటను కంటితో విచారించడం కూడా నా నిత్యకర్మలలో చేరింది.

నా వయస్సు వారు, ముఖ్యంగా తోటి అర్చకులు, ఈ వారమే ఒకసారి కొలిపించుకోవలసినదిగా ప్రార్థన.

స్వస్తి.