రాఘవగారి సినిమాలో సూర్యకుమారి

మా బళ్లారివాళ్లకు ఒక జబ్బుంది. పాతకాలం నటులెవరి పేరు వినపడినా మా ఊరి నటుడు బళ్లారి రాఘవగారితో చుట్టరికం కలిపేస్తాం. టంగుటూరి సూర్యకుమారి విషయంలో ఆ శ్రమ అక్కర్లేదు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’లో ఇద్దరూ ఉన్నారు. ఆయనకు అరవై దగ్గరపడుతోంది, ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు.

మగవాళ్లే ఆడవేషాలు కడుతున్న రోజుల్లో, సంసారస్త్రీలు నాటకాల్లోకి రావాలని పట్టుబట్టిన వకీలు రాఘవ. కొమ్మూరి పద్మావతీదేవి లాంటివాళ్లు ఆయన ప్రోత్సాహంతోనే వేదికెక్కారు. సూర్యకుమారి వచ్చిన దారి వేరు. ప్రకాశం పంతులుగారి తమ్ముడి కూతురు, పసితనం నుంచే పాట. అప్పట్లో తెరమీద కనిపించేవాళ్లే పాడుకోవాలి కాబట్టి, గొంతున్న పిల్లకోసం సినిమావాళ్లే వెతుక్కుంటూ వచ్చేవారు. 1937లో ‘విప్రనారాయణ’, 1941లో వాహినీవారి ‘దేవత’. నేపథ్యగానం స్థిరపడ్డాక ఆ అవసరం పోయింది. ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది. రెండూ ఉన్న మనిషికి అదేం లాభం? 1952లో మిస్ మద్రాస్ కిరీటం కూడా వచ్చింది గానీ, నా లెక్కలో ఆమె అసలు జీవితం ఇంకా మొదలే కాలేదు.

ఇక్కడ లండన్‌లో తెలుగు సభల్లో ఆమెను ‘అలనాటి సినీతార’ అంటూ పరిచయం చేస్తుంటే నాకు మింగుడుపడదు. 1961లో న్యూయార్క్‌లో టాగూర్ నాటకం ‘కింగ్ ఆఫ్ ది డార్క్ చాంబర్’లో రాణి సుదర్శన వేషం వేసి, అక్కడి విమర్శకుల పురస్కారం అందుకున్న నటి ఆమె. తర్వాత లండన్‌లో స్థిరపడి, ఇండియా పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ అనే సంస్థ పెట్టి, 2005లో పోయేదాకా ఈ ఊళ్లోనే ఉన్నారు.

శంకరంబాడి సుందరాచారి రాసిన ‘మా తెలుగు తల్లికి’ పాట ఆమె గొంతులోనే ఊరూరా పాకింది. మా ఊరు 1953లోనే మైసూరు రాష్ట్రంలో కలిసిపోవడంతో, బళ్లో నేను పాడినవన్నీ కన్నడ ప్రార్థనలే. ఆ పాట నాకు పూర్తిగా వచ్చింది ఇక్కడికొచ్చాకే, ఆవిడ రికార్డు పెట్టుకుని, వెంట పాడుకుంటూ.