స్ప్రింగు గుచ్చితే గానీ...

నారాయణఖేడ్ నుంచి కల్హేర్ దారి. పక్కన పత్తి చేలు, కంది చేలు. అటు కర్ణాటక, ఇటు మహారాష్ట్ర మరీ దూరమేం కాదు. 2016లో మెదక్ నుంచి సంగారెడ్డి జిల్లాలోకి వచ్చిన ప్రాంతమిది. నల్లవాగు ప్రాజెక్టు చూసొద్దామని ఇంటిల్లిపాదీ పాత అంబాసిడర్‌లో బయల్దేరారనుకోండి... ఇంజిన్ సంగతి దేవుడెరుగు, ముందు నడుమే మొరాయిస్తుంది!

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. మారుతి 800ది కూడా అదే ఏడాది. ఇక కొత్త సీట్లెక్కడివి? తుక్కు బండ్లవి తెచ్చినా బోల్టు రంధ్రాలు కలవాలి, సీటు జరిగే పట్టాలు సరిపోవాలి. అందుకే ఎక్కువమంది మరమ్మతుకే మొగ్గుతారు.

పైన రెగ్జిన్, దానికింద అణిగిపోయిన ఫోమ్, అడుగున స్ప్రింగులు. మంచి పనివాడైతే మొత్తం విప్పుతాడు. విరిగిన స్ప్రింగు మార్చి, పైన గోనెపట్టా పరిచి, గట్టి ఫోమ్ వేస్తాడు. పాత తొడుగు కుట్లూడదీసి, ఆ ముక్కల కొలతతోనే కొత్త రెగ్జిన్ కత్తిరిస్తాడు. పైపైన కవరు తొడిగి పంపిస్తే గుంత గుంతలాగే ఉంటుంది. ఎండాకాలం రెగ్జిన్ చురుక్కుమంటుంది. బట్ట నయమే గానీ మన దుమ్ముకు ఆగదు.

సీటు విప్పినప్పుడే అడుగు రేకూ చూడాలి. తుప్పు రేకుకు బిగించిన సీటు గట్టిగా బ్రేకు వేస్తే ఊడిరావచ్చు. పైగా పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్, తనిఖీ తప్పవు. చేతిలో డబ్బు ఒక్క పనికే సరిపోతుందా? ముందు రేకుకు వెల్డింగ్ చేయించండి. రెగ్జిన్ రంగు పండక్కి చూసుకోవచ్చు.