వాల్‌కూర్ మంచు బండ్లు

గుల్మార్గ్ వెళ్లొచ్చిన మనవాళ్ల ఫోన్లలో ఒక ఫొటో తప్పకుండా ఉంటుంది. అద్దెకు తెచ్చుకున్న పొడుగు కోటు, రబ్బరు బూట్లు, నెత్తిన ఉన్ని టోపీ. కూర్చున్నది ముందు రెండు స్కీలు, వెనకాల రబ్బరు పట్టా ఉన్న బండి మీద. తోలేది అక్కడి కుర్రాడే అయినా, ఫొటో తీసేటప్పటికి హ్యాండిల్ మనవాళ్ల చేతుల్లోకి వచ్చేస్తుంది. ఆ స్నోమొబైల్‌ను ఇంటింటి బండిగా మార్చిన ఊరు కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో ఉంది. పేరు వాల్‌కూర్. మాంట్రియల్ నుంచి తూర్పుగా కార్లో గంటన్నర ప్రయాణం. జనాభా 2,000 పైచిలుకు.

పక్కనున్న షెర్‌బ్రూక్‌లో మా మేనల్లుడు మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతున్నాడు. “ఇంత దూరం వచ్చి నయాగరా ఒక్కటే చూసి పోతావా మావయ్యా?” అని దెప్పి, ఫిబ్రవరిలో ఒక శనివారం పొద్దున్నే నన్ను బయల్దేరదీశాడు. నాకు ఫ్రెంచి ముక్క రాదు. వాడికి వచ్చిన ఫ్రెంచి అంతా బోల్టులు, బేరింగుల చుట్టూ తిరిగేదే. ఆ రోజుకి అది చాలింది.

ఊరు చిన్నదే గానీ అందులో స్కీ-డూ బండ్లు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది, ఆ బండి కనిపెట్టిన జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే పేరిట మ్యూజియం ఉంది. ఢిల్లీ మెట్రో ఎక్కినవాళ్లకి ఆ ఇంటిపేరు పెట్టెల మీద చూసినట్టు గుర్తుండొచ్చు. రైళ్లు, విమానాలు అన్నీ తర్వాత సంగతి. మొదలు మాత్రం ఈ మంచులోనే.

మ్యూజియంలో నేను ఎక్కువసేపు నిలబడిపోయింది ఆయన పాత గ్యారేజీ దగ్గర. 1926లో, పందొమ్మిదేళ్ల వయసులో ఈ ఊళ్లో పెట్టుకున్నది. అంతకు నాలుగేళ్ల ముందే ఫోర్డ్ మోడల్-టి ఇంజిన్ ఒకటి సంపాదించి, మంచు మీద లాగే స్లెడ్జికి బిగించి, వెనకాల విమానం పంకాలాంటిది తగిలించి, తమ్ముణ్ణి కూర్చోబెట్టి ఊళ్లో తోలించాడట. ఎవరి చెయ్యి తెగుతుందోనని తండ్రి హడలిపోయి వెంటనే విప్పేయించాడు. తండ్రులందరూ చేసే పనే అది. అయితే పిల్లాడి బుర్రలోంచి మాత్రం ఆ బండిని విప్పలేకపోయాడు.

ఆ రోజుల్లో క్యూబెక్ పల్లెల్లో చలికాలం వచ్చిందంటే కార్లు షెడ్డుల్లో పడుకునేవి. రోడ్ల మీద మంచు తీసే దిక్కు లేదు. గుర్రబ్బండే గతి. 1934 చలికాలంలో బొంబార్డియే రెండేళ్ల కొడుకు ఈవాన్‌కి అపెండిసైటిస్ ముదిరింది. ఆసుపత్రి షెర్‌బ్రూక్‌లో. పొద్దున మేం ముచ్చట్లు చెప్పుకుంటూ వచ్చిన దారే. మంచు మీద నడిచే బండి ఆయన గ్యారేజీలో సగంలో ఆగి ఉంది. పిల్లాడు దక్కలేదు.

ఆ మరుసటి ఏడాది ఆయన చిక్కుముడి విప్పాడు. మెత్తటి మంచులో చక్రం దిగబడుతుంది. పట్టా అయితే బరువును పరిచేస్తుంది. కానీ ఇనప పట్టా బరువు, పైగా పళ్ల మధ్య మంచు గడ్డకట్టి బిగుసుకుపోతుంది. ఆయన పళ్ల చక్రానికి రబ్బరు తొడిగాడు, రబ్బరు పట్టీలకు ఇనప కమ్మీలు అడ్డంగా బిగించి దాని మీద నడిపించాడు. 1937లో పేటెంటు వచ్చింది. ఏడుగురు కూర్చునే బి-7, తర్వాత 1940ల మొదట్లో పన్నెండుమంది పట్టే బి-12 ఆ చక్రం మీదే పరిగెత్తాయి.

బి-12ని దగ్గర్నుంచి చూస్తే ముచ్చటేస్తుంది. ప్లైవుడ్ వంచి కట్టిన ఒళ్లు, ఓడకు ఉన్నట్టు గుండ్రటి కిటికీలు, ముందు రెండు వెడల్పాటి స్కీలు, వెనక భాగంలో ఆరు సిలిండర్ల క్రిస్లర్ ఇంజిన్. డాక్టర్లు, టపా, బడిపిల్లలు, రోగులు అందరూ ఇందులోనే తిరిగారు. విన్నిపెగ్ సరస్సు మీద గడ్డకట్టిన నీటికి కన్నాలు పెట్టి చేపలు పట్టేవాళ్లు ఈ పాత బండ్లనే ఇప్పటికీ వాడుతున్నారు. ఇంజిన్ పోతే దొరికిన ఇంకో ఇంజిన్ పెట్టుకుంటారు, చెక్క పుచ్చితే చెక్క మారుస్తారు. ఎనభై ఏళ్ల కిందటి నమూనా ఇంకా కూలికి పోయి సంపాదిస్తోందంటే, దాన్ని మ్యూజియంలో చూడడం కాస్త చిత్రంగానే అనిపించింది.

1948లో క్యూబెక్ ప్రభుత్వం పల్లె రోడ్ల మీద కూడా మంచు తీయించడం మొదలుపెట్టింది. జనానికి మేలు జరిగింది, బొంబార్డియే వ్యాపారానికి దెబ్బ తగిలింది. పెద్ద బండ్లు కొనేవాళ్లు తగ్గారు. ఆయన బురద నేలల్లోనూ అడవుల్లోనూ తిరిగే ట్రాక్టర్ల వైపు మళ్లాడు గానీ, ఒక్కడు తోలుకునే చిన్న బండి కోరిక మాత్రం వదల్లేదు. సరిపడేంత తేలికైన ఇంజిన్ కోసం ఏళ్ల తరబడి కాచుకున్నాడు.

అది 1959లో కుదిరింది. ఆ ఏటి స్కీ-డూ ఇక్కడ కళ్లముందే ఉంది. పసుపు రంగు, అతుకు లేని ఒకే రబ్బరు పట్టా, ఏడు హార్స్‌పవర్ల కోలర్ ఇంజిన్, సుమారు 150 కిలోల బరువు. గంటకు 40 కిలోమీటర్లు పోతే గొప్ప. దాన్ని పరీక్షించడానికి ఆయన తీసుకెళ్లింది ఉత్తర ఆంటారియోలో మిషనరీగా ఉన్న స్నేహితుడు ఫాదర్ మోరిస్ వీమె దగ్గరికి. కుక్కల బండ్ల మీద పల్లె పల్లెకీ తిరిగే మిషనరీలకీ, వేటగాళ్లకీ పనికొస్తుందన్నది ఆయన లెక్క. మొదటి ఏడాది అమ్ముడైనవి 225. ఆ తర్వాత దాన్ని కొన్నది ఎక్కువగా పనివాళ్లు కారు, ఆదివారం సరదాగా తిరిగేవాళ్లు. 1964లో ఆయన పోయేనాటికే బండి పని దాటి ఆటలోకి వెళ్లిపోయింది. 1970ల మొదట్లో ఉత్తర అమెరికాలో వందకు పైగా కంపెనీలు ఏడాదికి దాదాపు 5 లక్షల బండ్లు అమ్మాయి. ఇప్పుడు ఆ కంపెనీలను లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు.

మధ్యాహ్నం భోజనం అయ్యాక, ఊరి బయట మావాడికి పరిచయం ఉన్న ఒక మెకానిక్ షెడ్డుకి వెళ్లాం. డెబ్బై దాటిన మనిషి. నూనె మరకల నీలం డాంగ్రీ, చెవి మీద పెన్సిలు. షెడ్డులో ఒక గోడ పక్కన 1970ల నాటి ఒలింపిక్ మోడల్, దాని ఎదురుగా సర్వీసుకి వచ్చిన కొత్త 850 సీసీ మోడల్. రెండూ స్కీ-డూలే.

ముందు పాతది. అందులో ఉన్నది ఒకే సిలిండర్ రోటాక్స్ ఇంజిన్, 20 హార్స్‌పవర్‌కి అటూ ఇటూ. ఆయన చోక్ లాగి, ఎడమ చెయ్యి బండి మీద ఆన్చి, తాడు పట్టుకుని గుంజాడు. తుమ్మి ఊరుకుంది. మళ్లీ గుంజాడు. మూతి తిప్పి, ప్లగ్గు ఊడదీసి, చొక్కా అంచుతో తుడిచి బిగించి మూడోసారి లాగితే షెడ్డంతా నీలిపొగ. పెట్రోలు బంకులో 2టి ఆయిల్ పోయించుకున్న రోజుల ఆర్‌ఎక్స్ 100 వాసన యథాతథంగా ముక్కుకి తగిలింది. ఊరికి వేల కిలోమీటర్ల దూరాన ఆ వాసన ఆనందంగా పీల్చుకుంటున్న నన్ను చూసి మావాడు ముక్కు మూసుకుని బయటికి పోయాడు.

కొత్తదాని దగ్గర గుంజుళ్లు లేవు. మీట నొక్కాడు, అంతే. ఆ మీట వెనకాల ఉన్న తెలివి నాకు బాగా నచ్చింది. ఎలక్ట్రిక్ స్టార్ట్ అంటే మామూలుగా పెద్ద బ్యాటరీ, పెద్ద స్టార్టర్ మోటారు, ఆ మేరకు బరువు. పైగా మైనస్ 30లో బ్యాటరీ నీరసిస్తుంది. ఇందులో బ్యాటరీకి బదులు అల్ట్రాకెపాసిటర్ పెట్టారు. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు అది నిండుతుంది. దారిలో ఆపి టీ తాగి వచ్చి నొక్కితే చాలు, పలుకుతుంది. రాత్రంతా పడి ఉండి ఖాళీ అయితే పొద్దున ఒక్కసారి తాడు లాగాలి. తాడు తీసెయ్యలేదన్నమాట. ముసలాయన ఆ తాడు పిడిని రెండు వేళ్లతో తట్టి చూపించాడు. నాలుగు స్ట్రోకుల పెద్ద ఇంజిన్లకు తాడు ఉండదు. బ్యాటరీ చచ్చిందా, బండి అక్కడే.

రివర్స్ ఇంకా చమత్కారం. పాత బండిని వెనక్కి తిప్పాలంటే దిగి, వెనకభాగం ఎత్తి పక్కకి ఈడ్చాలి. నడుములు విరిగే పని. ఇప్పుడు మీట నొక్కితే కంప్యూటర్ ఇంజిన్‌ని ఆగిపోయే దాకా నెమ్మది చేసి, సరిగ్గా ఆ క్షణంలో నిప్పురవ్వ వేళ మార్చి ఎదురు దిక్కుకి తిప్పేస్తుంది. రెండు స్ట్రోకుల ఇంజిన్ ఏ వైపైనా తిరగగలదు మరి. గేరుబాక్సులో ఒక్క పళ్ల చక్రం కూడా అదనంగా పెట్టకుండా పని అయిపోయింది.

సస్పెన్షన్ సంగతి చెప్పక్కర్లేదు. పాతదాని పట్టా లోపల చిన్న చిన్న చక్రాల గుంపులు, వాటికి స్ప్రింగులు. కొత్తదానికి పొడుగాటి కమ్మీల మీద పట్టా జారే ఏర్పాటు, షాక్ అబ్జార్బర్లు. 2003 మోడల్‌తో తోలేవాణ్ణి ముందుకి జరిపి కూర్చోబెట్టినప్పటి నుంచి గతుకుల్లో వెన్ను బతికిందని ఆయన మాట. హ్యాండిల్ పిడులు వేడెక్కుతాయి. వేళ్లు కొంకర్లు పోయే చలిలో ఆ వేడి ఎంత అవసరమో, అయిదు నిమిషాలు గ్లవ్స్ తీసి నిలబడిన నాకు తెలిసింది.

కంపెనీలు మాత్రం బ్రోచర్లలో ముందు పెట్టేది హార్స్‌పవర్లు. ఈ 850లో 165. టర్బో వేస్తే ఇంకా ఎక్కువ. ఏడు నుంచి 165కి రావడం చిన్న విషయం కాదు గానీ, అరవై ఏళ్లలో వచ్చిన మార్పుల్లో నాకు అన్నిటికన్నా అక్కరలేనిదిగా కనిపించింది అదే. 40 కిలోమీటర్ల వేగంతో ఆ మిషనరీ పని జరిగింది. స్టార్ట్ కావడం, వెనక్కి తిరగడం, నడుము నిలవడం, వేళ్లు కదలడం, ఇవే చలిలో మనిషిని ఇంటికి చేర్చేవి.

పొగ తగ్గడం కూడా అసలు లాభమే. పాత రెండు స్ట్రోకుల ఇంజిన్ తాగిన పెట్రోలులో పెద్ద వాటా కాలకుండానే బయటికి పోయేది. 2000ల మొదట్లో అమెరికాలో ఎల్లోస్టోన్ పార్కు పశ్చిమ ద్వారం దగ్గర, స్నోమొబైళ్ల పొగకి తాళలేక రేంజర్లు మాస్కులు తగిలించుకుని టికెట్లు ఇచ్చారు. పెట్రోలును నేరుగా సిలిండర్లోకి, సరైన క్షణంలో చిమ్మే ఇ-టెక్ ఏర్పాటు వచ్చాక ఆ గొడవ చాలా తగ్గింది. అది పడవల మోటార్ల నుంచి అరువు తెచ్చుకున్న విద్య. ఆయిల్ కూడా కలపక్కర్లేదు, ట్యాంకు వేరే.

మరి తేడా వస్తే? ముసలాయన ఒలింపిక్ బానెట్ ఎత్తి చూపించాడు: ప్లగ్గు, కార్బురేటర్, బెల్టు, అన్నీ చేతికి అందుతాయి. కొత్తదాని బెల్టు కూడా దారిలో మార్చుకోవచ్చు, మన గేర్‌లెస్ స్కూటర్లలో ఉండే తరహా బెల్టే. కానీ సెన్సరు ఏదైనా మొరాయిస్తే లాప్‌టాప్ తగిలించాలి. ఊళ్లో అయితే సరే. అడవిలో సాయంత్రం నాలుగింటికి చీకటి పడే వేళ లాప్‌టాప్ ఎవరు తెస్తారు? మావాడు వెంటనే అందుకున్నాడు, పాతవి అడవిలో ఆగినన్ని సార్లు కొత్తవి ఆగవుగా అని. అదీ నిజమే. ఆయన ఒప్పుకున్నాడు, కాస్త ఆలస్యంగా.

ఆ పైన మాట మంచు మీదకి మళ్లింది. ఈ బండ్లు బతికేది మంచు మీదే కాదు, మంచు వల్ల కూడా. కొత్త ఇంజిన్ల నీళ్లు చల్లబడేది పట్టా పైన ఉన్న అల్యూమినియం గొట్టాల్లో; పట్టా చిమ్మే మంచు వాటికి తగలాలి. పట్టా జారే ప్లాస్టిక్ పట్టీలకు కూడా మంచే కందెన. శీతకాలాలు పలచబడి, దారి గట్టి ఐసుగా మారితే బండి కాగిపోతుంది, పట్టీలు కరిగిపోతాయి. అందుకని పక్కన స్ప్రింగు ముల్లు ఒకటి వేలాడదీసి, ఐసుని గీరి ముక్కలు లేపుతున్నారు. ఫ్యాన్‌తో చల్లబడే పాత ఒలింపిక్ ఇంజిన్‌కి ఈ బాధ లేదు. క్యూబెక్‌లో 30,000 కిలోమీటర్లకు పైగా స్నోమొబైల్ దారులున్నాయి, దక్షిణాన వాటిని తెరిచి ఉంచే రోజులే తగ్గుతున్నాయని ఆయన బెంగ.

1968 నుంచి ఈ బండ్లు చేసిన యమహా, 2025 మోడళ్లతో విరమించుకుంది. ఎలక్ట్రిక్ స్నోమొబైల్ తెచ్చిన మాంట్రియల్ కంపెనీ టైగా 2024లో అప్పులోళ్ల నుంచి కోర్టు రక్షణ కోరింది. స్కీ-డూ కూడా కరెంటు బండి తెచ్చింది. ఒక్క చార్జికి 50 కిలోమీటర్ల దాకా పోతుందంటుంది. రిసార్టుల్లో తిప్పడానికి అది చాలు. పొగ లేదు, చప్పుడు లేదు, క్యూబెక్‌లో కరెంటు దాదాపు అంతా జలవిద్యుత్తే. కానీ దూరంగా ఇల్లున్నవాడికి 50 చాలదు, చలి అందులోంచీ కొంత లాక్కుంటుంది.

“మీరైతే రాబోయే మోడల్‌లో ఏం కోరుకుంటారు?” అని అడిగించాను. ఆయన పెన్సిలు చెవి మీంచి తీసి, అట్టపెట్టె ముక్క మీద గీస్తూ చెప్పాడు. గ్లవ్స్ తియ్యకుండా ఊడే బానెట్ గొళ్లాలు. ఏ సెన్సరు చెడిందో మామూలు మాటల్లో చెప్పే తెర, అది చెడినా నెమ్మదిగా ఇంటికి పోనిచ్చే ఏర్పాటు. తాడు, ఎట్టి పరిస్థితిలోనూ. కరెంటు బండి అయితే 150 కిలోమీటర్లు, మైనస్ 20లో. అన్నిటికన్నా ముందు, ఇప్పుడు కొన్నిటికే ఇస్తున్న రేడియేటర్ ప్రతి బండికీ.

రేడియేటర్ అనగానే మావాడికి చదువు గుర్తొచ్చింది. బరువు పెరుగుతుంది కదా, మెత్తటి మంచులో ముక్కు దిగబడుతుంది కదా అని వాదనకి దిగాడు. అట్టముక్క చేతులు మారింది, లెక్కలు పడ్డాయి, కొట్టివేతలు పడ్డాయి. ఆఖరికి ముసలాయన మావాడి పొట్ట వైపు ఓసారి చూసి ఏదో అన్నాడు. వాడు నాకు చెప్పడానికి కాస్త మొహమాటపడ్డాడు.

“బండి బరువు నేను చూసుకుంటా, నువ్వు నీది తగ్గించుకో అంటున్నాడు మావయ్యా.”